తిరుక్కురళ్‌లో ఇంద్రియ సుఖాన్నీ ఆత్మానందాన్నీ కలిపి చదివే పద్ధతి

నల్లగొండ, పాలమూరు వైపు గోష్ఠుల్లో, తిరువళ్ళువర్ తమిళంలో రాసిన తిరుక్కురళ్‌ను వేమన పద్యాల సరసన నీతిగ్రంథంగానే చదువుతుంటారు. ధర్మార్థాలకు చెందిన 108 అధికారాలు (అధ్యాయాలు) కాగానే, ప్రేమను చెప్పే చివరి 25 అధికారాల జోలికి పోకుండా పుస్తకం మూసేస్తారు. సుఖం గురించి తిరువళ్ళువర్ ఆలోచన తెలియాలంటే, ఇంద్రియాలను ప్రస్తావించే కురళ్లను (రెండు పాదాల పద్యాలను) ఏరి పక్కపక్కన పెట్టుకోవాలి.

ముందు 27, 1101 సంఖ్యల కురళ్లు తీసుకోండి. రుచి, రూపం, స్పర్శ, శబ్దం, గంధం అనే అయిదింటి తీరు ఎరిగినవాడి వశంలోనే లోకం ఉంటుందని మొదటిది విరాగుల గొప్పతనం చెబుతూ అంటుంది. చూసి, విని, తిని, వాసన చూసి, తాకి పొందే సుఖాలన్నీ మెరిసే గాజుల ఈ పడతిలోనే ఉన్నాయంటుంది రెండోది. అక్కడ మాట్లాడేది కవి, ఇక్కడ నాయకుడు. కాబట్టి ప్రేమను చెప్పే మూడో భాగంలో ప్రతి కురళ్ పక్కన అది నాయకుడి మాటో, నాయిక మాటో, చెలికత్తె మాటో రాసుకోవాలి. లేకుంటే, ప్రియురాలి మెత్తని భుజాలపై నిద్రకన్నా తామరకన్నుల దేవుడి లోకం తీయనిదా అని అడిగే 1103 దగ్గర, కవే వైకుంఠాన్ని తక్కువ చేశాడని పొరబడతారు.

సీతాఫలాల కాలమైతే గోష్ఠిలో తలా ఒక పండు ఇవ్వండి. బొటనవేలితో నొక్కితే కళ్లు విచ్చుకోవడం, వాసన, నాలుకపై తెల్లని గుజ్జు, పళ్లెంలో రాలే గింజల చప్పుడు, ఇవన్నీ గమనించి చెప్పమనండి. తరువాత, తింటుండగానే మనసు రెండో పండు మీదికి ఎప్పుడు పోయిందో అడగండి. అప్పుడు 369 తెరవండి: దుఃఖాలన్నిటిలోకీ పెద్ద దుఃఖమైన ఆశ నశిస్తే ఆనందం ఎడతెగక వస్తుందని అందులో ఉంది. తప్పుపట్టింది ఆశనే గాని రుచిని కాదని నా అభిప్రాయం. ఇంద్రియ నిగ్రహానికి పోలికగా 126లో చెప్పిన తాబేలు కూడా, గీత చదివినవారికి పరిచయమైనదే, అవయవాలను లోపలికి తీసుకుంటుంది, తెంచుకోదు.

మోక్షానికి ఇందులో ప్రత్యేక భాగం లేదు. ధర్మభాగంలోని వైరాగ్య అధికారాల్లోనే, ముఖ్యంగా 361 నుంచి 370 వరకు, దాన్ని వెతకాలి. ధర్మం వల్ల వచ్చేదే సుఖమనే 39ని వీటికి ముందు చదివితే, ఇల్లాలితో పొందే సుఖానికీ ఆ ఆనందానికీ మధ్య దారి కనిపిస్తుంది. అలకే ప్రేమకు సుఖమనీ, అలక తీరిన కౌగిలి ఆ అలకకు సుఖమనీ చెప్పే 1330ని మాత్రం, గ్రంథంలో ఉన్నట్టే, అన్నిటికన్నా చివర చదవడం మంచిది.