పాత కంప్యూటర్‌లో విండోస్ పక్కన లినక్స్: బూట్‌లోడర్ ముట్టుకునే ముందు

2025 అక్టోబరు 14న విండోస్ 10కి సపోర్ట్ ముగిసింది. అప్పటి నుంచి పదేళ్ల నాటి డెస్క్‌టాప్‌లో విండోస్‌ని అలాగే ఉంచి, పక్కన లినక్స్ మింట్ అనే ఉచిత ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుందామని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వేసుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. కొంప ముంచేది బూట్‌లోడరే, అంటే ఆన్ చేయగానే ఓఎస్‌ని తెరిచే చిన్న ప్రోగ్రామ్.

పాత బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) మిషన్లలో హార్డ్ డిస్క్ మొట్టమొదటి సెక్టారే ఎంబీఆర్ (మాస్టర్ బూట్ రికార్డ్). మొత్తం 512 బైట్లు: 446 బూట్ కోడ్, 64 పార్టిషన్ టేబుల్ (డిస్క్‌ని ఏయే భాగాలుగా విడగొట్టారో చెప్పే పట్టిక), చివరి 2 గుర్తు కోసం. లినక్స్ బూట్‌లోడరైన గ్రబ్ వేయగానే ఆ 446లో ఉన్న విండోస్ కోడ్ పోతుంది. కాబట్టి ఫొటోలు, కాగితాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేశాక, లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) బూట్ అయి, డీడీ కమాండ్‌తో ఆ 512 బైట్లను ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఫైలుగా దాచండి. తిరిగి రాయాల్సి వస్తే మొదటి 446 మాత్రమే రాయాలి. మొత్తం రాశారా, పాత పార్టిషన్ టేబుల్ వచ్చి కూర్చుంటుంది, మధ్యలో చేసిన మార్పులన్నీ గల్లంతు. లాజికల్ పార్టిషన్ల (ఒక పెద్ద పార్టిషన్ లోపల చేసుకునే చిన్నవాటి) వివరాలు ఈ సెక్టార్‌లో ఉండవు, వాటి కోసం ఎస్‌ఎఫ్‌డిస్క్ కమాండ్‌తో టేబుల్‌ని టెక్స్ట్ ఫైలుగా తీసి పెట్టుకోండి.

ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. విండోస్ 7తో వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ నాలుగూ ముందే నిండిపోయి ఉంటాయి. ఐదోది చేయబోతే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ డైనమిక్ డిస్క్‌గా (విండోస్ సొంత పద్ధతిలోకి) మారుస్తానంటుంది. ఎస్ నొక్కకండి, అక్కణ్ణుంచి వెనక్కి రావడం పెద్ద తలనొప్పి.

ఇక ఏ డిస్క్ మీద గ్రబ్ వేస్తున్నామన్నది. నేను బోల్తా పడింది ఇక్కడే. మా బాబాయి కంప్యూటర్‌లో ఇన్‌స్టాలర్ అడుగున బూట్‌లోడర్ ఎక్కడ వేయాలన్న పెట్టెలో ఎస్‌డీఏ (లినక్స్‌లో సాధారణంగా మొదటి డిస్క్ పేరు) అని ఉంటే చూడకుండా ముందుకెళ్లాను. ఆ పాత బోర్డు పెన్‌డ్రైవ్‌నే మొదటి డిస్క్‌గా లెక్కేసింది. మెనూ చక్కగా వచ్చింది, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు ఫోన్: “ఒరేయ్, నువ్వు చెప్పిన మెనూ ఏదిరా? తిన్నగా విండోసే వస్తోంది.” గ్రబ్ నా జేబులో ఉంది! ఇప్పుడు ముందు డిస్క్‌ల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి సైజులు కాగితం మీద రాసుకుంటాను. 465.8జీ అంటే 500 జీబీ హార్డ్ డిస్క్, 14.9జీ అంటే 16 జీబీ పెన్‌డ్రైవ్. ఎంచుకోవాల్సింది మొత్తం డిస్క్‌ని. పేరు చివర 1, 2 లాంటి అంకె ఉంటే అది పార్టిషన్.

లెగసీ (పాత బయాస్ పద్ధతి), యూఈఎఫ్ఐ (దాని తర్వాత వచ్చిన కొత్త పద్ధతి) రెండూ ఉన్న బోర్డుల్లో బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది. విండోస్‌లో ఎమ్‌ఎస్‌ఇన్‌ఫో32 తెరిచి బయాస్ మోడ్ చూడండి. లెగసీ అని ఉంటే యూఈఎఫ్ఐ అనే ముందుమాట లేనిదాన్నే ఎంచుకోవాలి. విండోస్ ఒక మోడ్‌లో, లినక్స్ ఇంకో మోడ్‌లో ఉంటే గ్రబ్ నుంచి విండోస్ తెరుచుకోదు.

ఫాస్ట్ స్టార్టప్ (విండోస్‌ని పూర్తిగా ఆపకుండా సగం నిద్రలో ఉంచే సెట్టింగ్) ఆపేసి, విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేశాకే పార్టిషన్ సైజు తగ్గించండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే కరెంటు కోతల వేళ ఆ పని పెట్టుకోవద్దు.

అన్నీ అయ్యాక మెనూలో విండోస్ కనిపించకపోతే టెన్షన్ పడకండి. గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసి అప్‌డేట్-గ్రబ్ కొడితే చాలు. సొంత ఎంట్రీలు రాసుకోవాలంటే 40_కస్టమ్ ఫైలు ఉంది. గ్రబ్ డాట్ సీఎఫ్‌జీలో రాస్తే తర్వాతి అప్‌డేట్‌కే చెరిగిపోతాయి.

విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ కూడా పక్కన ఉండాలి, విండోస్ బూట్ కోడ్‌ని తిరిగి రాసే బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్ కమాండ్ కొట్టాల్సి వస్తే అదే దిక్కు. అది ఈ మిషన్లో బూట్ అవుతుందో లేదో ముందురోజే చూసుకోండి. ముందు పోర్టులో కాకపోతే వెనక పోర్టులో పెట్టి చూడండి.