ద్వీపంలో బస – 3వ పాఠం: ఏ ఒడ్డున గది తీసుకోవాలి?

పోయిన పాఠంలో అండమాన్ ప్రయాణానికి తేదీలు ఖాయం చేసుకున్నాం. ఆ తేదీలు రాసుకున్న కాగితంతో పాటు ఇంట్లో గోడ క్యాలెండర్ కూడా దగ్గర పెట్టుకోండి. ఈసారి పని దానితోనే.

హైదరాబాద్‌లో మనకు తెలిసిన నీళ్లు హుస్సేన్ సాగర్‌వి. పొద్దున చూసినా సాయంత్రం చూసినా కట్ట దగ్గరే ఉంటాయి. సముద్రం అలా కాదు. అండమాన్‌లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. పోటుకూ ఆటుకూ మధ్య సుమారు ఆరు గంటలు. హావ్‌లాక్ దీవిలో (2018లో దీని పేరు స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు) తూర్పు ఒడ్డున ఆటు వేళ నీళ్లు చాలా దూరం తగ్గి, రాళ్లు, పగడపు ముక్కలు బయటపడతాయి. అమ్మను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు బుక్ చేసిన గది ఫొటోలో గుమ్మం ముందే అల కనిపించింది. మేం దిగిన మధ్యాహ్నం అక్కడ రాళ్లే ఉన్నాయి. అమ్మ నాలుగడుగులు వేసి, కాళ్లు నొప్పులని వెనక్కి వచ్చేసింది. ఫొటో అబద్ధం కాదు, పోటు వేళ తీసింది. అది అడగాలని నాకు అప్పుడు తెలియదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు క్యాలెండర్‌లో మీ తేదీల పక్కన తిథి చూడండి. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాత ఒకటి రెండు రోజులు నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా తగ్గుతాయి. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. పోటు వేళ రోజూ ఒకటే ఉండదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది.

తర్వాత ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి. బస ముందు లేత రంగు పట్టీ వెడల్పుగా ఉంటే అక్కడ లోతు తక్కువని అర్థం.

తూర్పున విజయనగర్, గోవింద్ నగర్ ఒడ్డుల్లో బసలు, తిండి, స్కూబా (నీళ్ల అడుగున ఈత) కేంద్రాలు ఎక్కువ. జెట్టీ, అంటే ఓడలు ఆగే రేవు, కూడా దగ్గర. పడమట రాధానగర్‌లో మెత్తని ఇసుక, కానీ బసలు తక్కువ. పిల్లలు, పెద్దవాళ్లు నీళ్లలో దిగడమే ముఖ్యమైతే రాధానగర్ వైపు చూడండి, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే. తూర్పున ఉండి సాయంత్రం అక్కడికి వెళ్లొద్దాం అనుకుంటే ఒక సంగతి: డిసెంబరులో అక్కడ మనకంటే దాదాపు ముప్పావు గంట ముందే పొద్దు గుంకుతుంది. తిరుగు ప్రయాణం చీకట్లోనే.

చివరగా ఫోన్ చేయండి. మన హిందీ చాలు. "నీళ్లు తగ్గినప్పుడు మీ ముందు దిగి స్నానం చేయొచ్చా? అడుగున ఇసుకా, రాళ్లా?" అని అడగండి. "బీచ్ ఎదురుగానే సార్" అన్నది జవాబు కాదు, మళ్లీ అడగండి.

అభ్యాసం: మూడు బసలు ఎంచుకుని ఒక్కొక్కదాని ఎదురుగా ఒడ్డు, తిథి, ఫోన్‌లో వచ్చిన జవాబు రాయండి. అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే కట్టొద్దు. వాతావరణం బాగాలేక ఫెర్రీ ఆగితే ఆ డబ్బు ఏమవుతుందో నాలుగో పాఠంలో చూద్దాం.