650 ట్విన్‌కు ఫ్యూయెల్ మాడ్యూల్: బిగించే పద్ధతి, మొరాయిస్తే వెతకాల్సిన చోట్లు

ఏ కంపెనీదైనా ఫ్యూయెల్ మాడ్యూల్ చివరికి చేసే పని ఒక్కటే: ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే సమయాన్ని మార్చడం. పెట్రోల్ కాస్త ఎక్కువ పోయిస్తుంది, కొన్ని రకాలైతే తగ్గించగలవు కూడా. వదులైన క్లాంపు, లీకవుతున్న ప్యాకింగ్, నీరసించిన బ్యాటరీ లాంటి జబ్బులను అది బాగుచేయదు. పైగా వాటిని పెద్దవి చేసి చూపిస్తుంది. అందుకే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 బండ్లకు మాడ్యూల్ పెట్టేటప్పుడు సగం పని మాడ్యూల్ డబ్బా తెరవకముందే ఉంటుంది.

ఈ బండ్లనే తీసుకోవడానికి కారణం ఉంది. 648 సీసీ, 270 డిగ్రీల క్రాంక్, రెండు సిలిండర్లు, రెండు ఇంజెక్టర్లు, రెండు బెండు పైపులకూ (హెడ్ నుంచి సైలెన్సర్‌కు పొగను తీసుకెళ్లే గొట్టాలు) చెరొక ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది). సింగిల్ సిలిండర్ బండిలో రాని పొరపాట్లు ఇందులో వస్తాయి. దీని మీద చేయగలిగితే హిమాలయన్, డ్యూక్ లాంటివి తేలిక.

ముందు ఏ రకమో తేల్చుకోండి

మార్కెట్లో దొరికేవి మూడు రకాలు. అన్నింటికంటే చవకైనది గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌ వైరు మధ్యలో కూర్చునేది. గాలి అసలున్న దానికంటే సుమారు 20 డిగ్రీలు చల్లగా ఉందని ఈసీయూని (ఎంత పెట్రోల్ పోయాలో నిర్ణయించే బండి కంప్యూటర్) నమ్మిస్తుంది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఈసీయూ దాదాపు 6 శాతం పెట్రోల్ పెంచుతుంది. స్లోలో, యాక్సిలరేటర్ తిప్పిన క్షణంలో తేడా తెలుస్తుంది. స్థిరంగా 80లో పోతున్నప్పుడు మాత్రం ఆక్సిజన్ సెన్సర్ ఆ పెంపును చూసి, ఈసీయూ చేత మళ్లీ తగ్గించేస్తుంది.

రెండోది ఆక్సిజన్ సెన్సర్ సిగ్నల్‌ను పట్టుకునేది. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ల ఫ్యూయెల్‌ఎక్స్ మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఈ కోవలోనే. ఇది ఈసీయూతో తగవు పెట్టుకోదు, దాని దిద్దుబాటునే తనకు కావలసిన వైపు నడిపిస్తుంది. సైలెన్సర్, ఫిల్టర్ మాత్రమే మార్చిన బండికి, ల్యాప్‌టాప్‌తో కూర్చునే ఓపిక లేనివారికి ఇదే సరైనదని మా అభిప్రాయం.

మూడోది డైనోజెట్ పవర్ కమాండర్ లాంటి పిగ్గీబ్యాక్, అంటే ఈసీయూకూ ఇంజెక్టర్లకూ మధ్య కూర్చునే డబ్బా. ఆర్‌పీఎం ఒక వైపు, త్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) ఎంత తెరిచారన్నది ఇంకో వైపు ఉన్న పట్టికలో ఒక్కో గడికి ఎంత శాతం పెంచాలో తగ్గించాలో మీరే రాస్తారు. ఆ పట్టికనే మ్యాప్ అంటారు. దీన్ని పెట్టేటప్పుడు కిట్‌తో వచ్చే ఆక్సిజన్ సెన్సర్ ఎలిమినేటర్లను (బండి వైరింగ్‌కు సెన్సర్ బదులు తొడిగేవి) తప్పక వాడాలి. అవి లేకుండా మ్యాప్‌లో 8 శాతం పెంచితే, సెన్సర్ చూసి ఈసీయూ ఆ 8 శాతాన్నీ వెనక్కి లాగేస్తుంది. "మ్యాప్ వేసినా ఏ తేడా లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

బిగించే ముందు చూడాల్సినవి

బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉన్నాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్‌ను 3000 ఆర్‌పీఎం దగ్గర పెట్టి కొలిస్తే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. ఇంజెక్టర్ తెరుచుకునే వేగం వోల్టేజీని బట్టి మారుతుంది కనుక ఇది లాంఛనం కాదు.

తర్వాత సైలెన్సర్ లీకు. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, ఒకరు మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతులను ఒక్క క్షణం అదిమిపెట్టండి. బెండు పైపు హెడ్‌కు కలిసే చోట "ఫుస్"మని వినిపిస్తే లీకున్నట్టే. అక్కడి చిన్న సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. ఫలితం నల్లటి ప్లగ్గులు, పడిపోయిన మైలేజీ. నింద మాత్రం మాడ్యూల్ మీద పడుతుంది. బెండు పైపు ఒకసారి విప్పితే ప్యాకింగ్ కొత్తది వేయాల్సిందే, పాతది రెండోసారి సరిగా కూర్చోదు.

త్రాటిల్ బాడీకీ హెడ్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టాల క్లాంపులూ చూడండి. ఇంజిన్ చల్లగా స్లోలో ఉండగా ఆ రబ్బరు మీద సన్నగా నీళ్లు చల్లితే శబ్దం మారకూడదు. మారితే అక్కడ గాలి లాగుతోంది. వేడి ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి పరీక్షించే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. నిప్పంటుకునే ప్రమాదం ఉంది, వద్దు.

బిగించడం

కావలసినవి: అలెన్ కీల సెట్టు, 10 మి.మీ. స్పానర్, మల్టీమీటర్, డజను ప్లాస్టిక్ టైలు, వైరింగ్‌కు వాడే గుడ్డ టేపు, కొంచెం డైఎలెక్ట్రిక్ గ్రీజు, రెండు రంగుల స్టిక్కర్లు. మామూలు ఇన్సులేషన్ టేపు వాడకండి. వేడికి జిగురు కారి కప్లర్లన్నీ జిడ్డవుతాయి.

ట్యాంకులో పెట్రోల్ మూడు లీటర్ల లోపు ఉన్నప్పుడు పని పెట్టుకోండి. సీటు తీసి ఫ్యూయెల్ పంపు కప్లర్ ఊడదీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతట అదే ఆగేదాకా ఉంచండి. పైపులో ఉన్న ఒత్తిడి దిగిపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. ట్యాంకు వెనక బోల్టు విప్పి, ట్యాంకు వెనుక భాగాన్ని కొద్దిగా లేపి పెట్రోల్ పైపు క్లిప్పు, గాలి గొట్టాలు ఊడదీయండి. కింద గుడ్డ పరవండి, కొన్ని చుక్కలు ఎలాగూ కారతాయి. పైపు క్లిప్పు ప్లాస్టిక్‌ది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే విరుగుతుంది. రెండు వేళ్లతో నొక్కి లాగితే వస్తుంది.

ఇప్పుడు దేన్నీ ఊడదీయకముందే ఎడమ ఇంజెక్టర్ కప్లర్‌కు, ఎడమ ఆక్సిజన్ సెన్సర్ కప్లర్‌కు ఒక రంగు స్టిక్కర్, కుడివైపు వాటికి ఇంకో రంగు అంటించండి. సెన్సర్ కప్లర్ ఎక్కడుందో తెలియకపోతే బెండు పైపు దగ్గరి సెన్సర్ నుంచి వైరు పట్టుకుని పైకి వెళ్లండి. స్టిక్కర్ వేయడానికి అర నిమిషం పట్టదు. అది చేయకపోతే వచ్చే తిప్పలు కింద చెబుతాం.

మాడ్యూల్ వైర్లు రెండు మూతులతో వస్తాయి. ఒకటి ఇంజెక్టర్‌కు, ఇంకోటి బండి వైరింగ్‌కు. సెన్సర్లకూ అదే పద్ధతి. కప్లర్ తొడిగేముందు లోపలి పిన్నులు వంగలేదని చూసి, రబ్బరు సీలు అంచుకు పలుచగా గ్రీజు రాయండి. పిన్నుల మీద దట్టంగా పూయనక్కర్లేదు. "టిక్"మన్న తర్వాత ఒకసారి వెనక్కి లాగి చూడండి.

ఎర్త్ వైరును నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే ఇవ్వండి. ఫ్రేము మీది బోల్టుకు ఇస్తే పెయింటు, తుప్పు అడ్డొస్తాయి. మాడ్యూల్‌ను సీటు కింద, ఇంజిన్ వేడి తగలని చోట పెట్టండి. రామగుండం, రెంటచింతల ఎండల్లో నిలబెట్టిన బండి ట్యాంకు కింద చెయ్యి పెడితే ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. వైర్లు ఫ్రేము వెంబడే నడవాలి. హ్యాండిల్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పినా ఏ వైరూ బిగుసుకోకూడదు. ట్యాంకు కూర్చోబెట్టేటప్పుడు దాని అంచు కింద వైరు నలగకుండా చూడండి. కప్లర్ దగ్గర వైరు కాస్త కిందికి వేలాడి పైకెక్కేలా వదిలితే వాననీరు కప్లర్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

అన్నీ కలిపాక బ్యాటరీ నెగటివ్ చివరన బిగించండి. ఇగ్నిషన్ మూడుసార్లు ఆన్ ఆఫ్ చేసి పంపు ఒత్తిడి ఎక్కనిచ్చి, పెట్రోల్ పైపు జాయింటు తడిగా లేదని వేలితో తడిమి చూశాకే స్టార్ట్ చేయండి. పవర్ కమాండర్ రకమైతే ఇంజిన్ ఆఫ్‌లో, ఇగ్నిషన్ ఆన్‌లో సాఫ్ట్‌వేర్‌తో త్రాటిల్ కాలిబ్రేషన్ చేయాలి. పూర్తిగా మూసినప్పుడు 0, పూర్తిగా తిప్పినప్పుడు 100 చూపాలి. చూపకపోతే పట్టికలోని గడులన్నీ పక్కకు జరిగినట్టే.

మొదటి 50 కిలోమీటర్లలో తీర్పు ఇవ్వకండి. ఈసీయూలో పాత దిద్దుబాట్లు ఉంటాయి. ఊళ్లో కొంత, హైవేలో కొంత నడిపాకే మాట్లాడుకోవాలి.

ఎంత పెట్రోల్ సరిపోతుంది, ఈ20 సంగతి

స్థిరమైన వేగంలో ల్యాంబ్డా (పెట్రోల్ పూర్తిగా మండటానికి కావలసిన గాలితో పోలిస్తే అసలు అందుతున్న గాలి; 1 కంటే తక్కువైతే పెట్రోల్ ఎక్కువున్నట్టు) 0.93 చుట్టూ, పూర్తి త్రాటిల్‌లో 0.87 నుంచి 0.90 ఉంటే ఈ ఎయిర్‌-ఆయిల్ కూల్డ్ ఇంజిన్‌కు హాయి. ల్యాంబ్డాలోనే ఎందుకు చెబుతున్నామంటే, 14.7 (బరువులో ఒక పాలు పెట్రోల్‌కు కావలసిన గాలి పాళ్లు) అనే అంకె స్వచ్ఛమైన పెట్రోల్‌ది. 10 శాతం ఇథనాల్ కలిపిన ఈ10కి అది సుమారు 14.1, 20 శాతం కలిపిన ఈ20కి సుమారు 13.5. ఇప్పుడు మన బంకుల్లో పోసేది ఎక్కువగా ఈ20. ఈ10తో తయారుచేసిన మ్యాప్‌ను విదేశీ సైటు నుంచి దించి వేస్తే, సెన్సర్ ప్రమేయం లేని పూర్తి త్రాటిల్‌లో మిశ్రమం 4 శాతానికి పైగా పలుచబడుతుంది. ఇంజిన్ అన్నింటికంటే ఎక్కువ వేడెక్కేది కూడా అక్కడే. అలాంటి మ్యాప్ వేస్తే 80, 100 శాతం త్రాటిల్ వరసల్లో 4 పెంచి మొదలుపెట్టండి.

పరిమితీ తెలుసుకోండి. 7000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ నాలుగు స్ట్రోకులు, అంటే క్రాంకు రెండు చుట్లు, పూర్తికావడానికి పట్టేది 17.1 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్ అందులో 85 శాతం, అంటే 14.5 మిల్లీసెకన్లు దాటి తెరుచుకుని ఉంటే ఇక పెంచడానికి చోటు లేనట్టే. మామూలు సైలెన్సర్, ఫిల్టర్ మార్పులతో అక్కడిదాకా పోరు. సీసీ పెంచే కిట్లు వేసినవారికి ఇది ఎదురవుతుంది.

కచ్చితంగా కొలవాలంటే ల్యాంబ్డా అంకెనే చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావాలి. బెండు పైపుకు 18 మి.మీ. బంగు (సెన్సర్ బిగించే మరల రింగు) వెల్డింగ్ చేయించేటప్పుడు సెన్సర్ అడ్డంగా పడుకోకుండా కనీసం 10 డిగ్రీలు పైకి ఉండేలా చెప్పండి. లేకపోతే చల్లటి స్టార్ట్‌లో చేరిన నీళ్లు దాన్ని పగలగొడతాయి.

మొరాయిస్తే

మొదటి సూత్రం: మాడ్యూల్‌ను పూర్తిగా పక్కన పెట్టి, కంపెనీ కప్లర్లను తిరిగి ఒకదానికొకటి తొడిగి చూడండి. జబ్బు అలాగే ఉంటే తప్పు బండిది. పోతే మాడ్యూల్ వైపు వెతకాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా విడిభాగాలు మార్చడం డబ్బు తగలేసుకోవడమే.

అసలు స్టార్ట్ కాకపోతే పంపు కప్లర్ తొడగడం మరిచారేమో చూడండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ట్యాంకులో రెండు సెకన్ల జుయ్యిమనే శబ్దం రావాలి. అది వచ్చినా పట్టుకోకపోతే ఇంజెక్టర్ కప్లర్లు, ఆ తర్వాత ఎర్త్. ఎర్త్‌ను పరీక్షించడానికి మల్టీమీటర్ ఒక కొన మాడ్యూల్ ఎర్త్ వైరుకు, ఇంకో కొన బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి స్టార్టర్ నొక్కండి. 0.1 వోల్టు దాటితే కనెక్షన్ బాగోలేదు.

స్టార్ట్ అవుతుంది, మొదట బాగానే ఉంటుంది, పదినిమిషాలకు స్లో తడబడుతుంది, ఒక ప్లగ్గు నల్లగా ఒకటి తెల్లగా వస్తుంది. ఇది ఎడమ కుడి తారుమారైన లక్షణం. ఎడమ సెన్సర్ "పెట్రోల్ తక్కువ" అంటే ఈసీయూ కుడి ఇంజెక్టర్‌లో పోస్తుంది. ఎడమది ఇంకా తక్కువగానే ఉంటుంది కాబట్టి మళ్లీ కుడిలోనే పోస్తుంది. ఒకవైపు మునిగిపోతుంది, ఇంకోవైపు ఎండిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండు బెండు పైపులనూ హెడ్ నుంచి ఒకే దూరంలో కొలిస్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. స్టిక్కర్లు అడిగింది ఇందుకే.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్లో టపటప పేలితే మ్యాప్‌లో పెట్రోల్ పెంచుతూ పోకండి. ఆ సమయంలో ఈసీయూ ఇంజెక్టర్‌ను మూసేస్తుంది, సున్నాకు ఎన్ని శాతాలు కలిపినా సున్నాయే. గాలి లోపలికి పోతున్న జాయింటు వెతకండి. కొత్త ఖాళీ సైలెన్సర్లతో కొంచెం పేలడం సహజం, దాన్ని వదిలేయండి.

ఇంజిన్ లైటు వెలిగితే లోపాన్ని తెలిపే కోడ్ చదవండి. బీఎస్6 బండ్లలో ఆ కోడ్‌లు బయటకిచ్చే ఆరు పిన్నుల ఓబీడీ కనెక్టర్‌కు అడాప్టర్ తీగ, బ్లూటూత్ రీడర్ ఉంటే చాలు. పీ0201, పీ0202 ఇంజెక్టర్ సర్క్యూట్‌వి. ఇంజెక్టర్ పిన్నుల మధ్య 10 నుంచి 16 ఓమ్‌లు ఉంటే ఇంజెక్టర్ మంచిదే, తప్పు కప్లర్‌ది. పీ0131, పీ0132 సెన్సర్ సిగ్నల్ మరీ తక్కువ, మరీ ఎక్కువ అని చెబుతాయి. ఇంజిన్ వేడెక్కాక ఆ సిగ్నల్ 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండాలి. మాడ్యూల్ ఉన్నప్పుడు సెన్సర్ వైపు కొలవండి, ఈసీయూ వైపు కనిపించేది మాడ్యూల్ మార్చిన సిగ్నల్. పీ0030 వస్తే సెన్సర్ హీటర్ తీగ, ఎక్కువగా బెండు పైపుకు తగిలి కాలిన చోటు ఉంటుంది.

మైలేజీ విషయంలో లెక్క సూటిగా చూసుకోండి. 8 శాతం పెట్రోల్ పెంచితే లీటరుకు 25 ఇచ్చే బండి 23 ఇస్తుంది, అది రోగం కాదు. 20కి పడితే లీకో, సెన్సరో చూడాలి.

వానలో తడిశాక, ప్రెజర్ వాష్ తర్వాత మాత్రమే మిస్సింగ్ వస్తుంటే కప్లర్లు విప్పి పిన్నుల మీద పచ్చటి చిలుము కోసం చూడండి. ఊదడంతో సరిపెట్టక కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, సీలు చిరిగి ఉంటే మార్చండి.

వారంటీలో ఉన్న బండిని సర్వీసుకు ఇచ్చే ముందు మాడ్యూల్ విప్పి కంపెనీ కప్లర్లు కలిపి ఇవ్వడం మేలు. కొత్త ఈసీయూ సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు మధ్యలో మాడ్యూల్ ఉంటే వాళ్లు చూసే రీడింగులన్నీ తప్పుతాయి. విప్పినా, మాడ్యూల్ వాడుతున్నారా అని అడిగితే దాచకండి. కంపెనీ సైలెన్సర్ తీసేసి నడపడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇబ్బంది తెచ్చే మార్పు, కాబట్టి పాత సైలెన్సర్లు, పాత ప్యాకింగ్‌ల కొలతలు, తీసిన బోల్టులు అన్నీ ఒక డబ్బాలో పేర్లు రాసి ఉంచండి.