ముంబైలో ఉద్యోగం: ఆఫర్ లెటర్ నుంచి అగ్రిమెంట్ దాకా

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ముంబై ఉద్యోగానికి బయలుదేరేవాళ్ళు ముందుగా చేసే పని ఫోన్లో ఫ్లాట్ల ఫోటోలు చూడటం. నిజానికి అది ఆఖరున చేయాల్సింది. ముందు ఆఫీసు ఏ బిల్డింగులో ఉందో తెలియాలి. ఆ తర్వాత దానికి దగ్గరి రైలు లైను, ఆ లైన్లో మన జీతానికి అందే స్టేషను, ఆ స్టేషనుకు నడిచే దూరంలో ఇల్లు. ఈ వరస తప్పితే అద్దెలో మిగిలిన ఐదువేలకు బదులు రోజుకు మూడు గంటలు పోతాయి.

ఆఫర్ మీద సంతకం పెట్టకముందే

లెటర్లో "ముంబై" అని ఉంటే చాలదు. బీకేసీ (బాంద్రా కుర్లా కాంప్లెక్స్), లోయర్ పరేల్, అంధేరీ ఈస్ట్, పవాయి, గోరేగావ్ అన్నీ ముంబైయే. ఐరోలీ నవీ ముంబైలో ఉన్నా చాలా కంపెనీలు దాన్నీ ముంబై అనే రాస్తాయి. బిల్డింగు పేరు, వారానికి ఎన్ని రోజులు రావాలి, షిఫ్టు వేళలు, రాత్రి క్యాబ్ ఉందా లేదా అన్నవి హెచ్‌ఆర్‌ని మెయిల్లో అడగండి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇల్లు మారే ఖర్చు కంపెనీ ఇస్తానంటే అడగాల్సినవి మూడున్నాయి. మొత్తంగా ఇస్తారా, బిల్లుల మీదా? మొత్తంగా ఇస్తే అది జీతంలో కలిసి పన్ను పడుతుంది. బిల్లుల మీదైతే ప్యాకర్స్ బిల్లు మీ పేరున, జీఎస్టీ నంబరుతో ఉండాలి, తెల్లకాగితం రసీదు చెల్లదు. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలా, కడితే పన్ను పోగా చేతికొచ్చిందా, మొత్తమా? ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. వీటన్నిటికంటే విలువైనది రెండు వారాల గెస్ట్‌హౌస్. జీతంలో బేరం కుదరకపోయినా దీన్ని అడిగితే తరచూ ఇస్తారు. లేదంటే ఆఫీసు దగ్గర నెలకు పీజీ తీసుకోండి. ఊరు చూడకుండా అగ్రిమెంటు చేసుకోవడంకంటే అదే చవక.

చేరే తేదీ కూడా చూసుకోవాలి. కంపెనీ జీతాల లెక్క నెల మధ్యలో మూసేస్తే, ఆ తర్వాత చేరినవాళ్ళకు మొదటి జీతం మరుసటి నెలాఖరుకే వస్తుంది. ఈలోపు చేతినుంచి పోయేది చూడండి. అద్దె 40,000 అనుకుందాం. డిపాజిట్ నాలుగు నెలలు అడిగితే 1,60,000, బ్రోకరేజి ఒక నెల అద్దె 40,000, మొదటి నెల అద్దె ముందే 40,000. లారీ ఎక్కకముందే 2,40,000 అయింది. దానికి సామాను ఖర్చు, రెండు నెలల తిండి, ప్రయాణం కలుపుకుని డబ్బు సిద్ధంగా ఉంచుకోవాలి. బ్రోకరేజి పోయే సొమ్ము, డిపాజిట్ ఇరుక్కునే సొమ్ము. రెంటినీ ఒకే ఖాతాలో వేసుకోకండి.

లైను, స్టేషను

వెస్టర్న్ లైను చర్చ్‌గేట్ నుంచి దాదర్, బాంద్రా, అంధేరీ, బోరివలీ మీదుగా విరార్ వైపు పోతుంది. సెంట్రల్ సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ టెర్మినస్) నుంచి దాదర్, కుర్లా, ఘాట్‌కోపర్, ఠాణే మీదుగా కల్యాణ్ వైపు. హార్బర్ సీఎస్‌ఎంటీ నుంచి కుర్లా, వాశీ మీదుగా పన్వేల్ దాకా. ఠాణే నుంచి ఐరోలీ మీదుగా నవీ ముంబైకి ట్రాన్స్‌హార్బర్ ఉంది. వెస్టర్న్‌కీ సెంట్రల్‌కీ దాదర్లో మారొచ్చు. కానీ ఉదయం తొమ్మిదింటికి దాదర్ వంతెన మీద మారడం రోజువారీ పనిగా పెట్టుకోకండి. ఇల్లూ ఆఫీసూ ఒకే లైనులో ఉంటే అద్దె కాస్త ఎక్కువైనా పర్వాలేదు.

లోయర్ పరేల్‌కి వెస్టర్న్‌లో ఆ పేరుగల స్టేషనే ఉంది, సెంట్రల్ వాళ్ళు కరీ రోడ్‌లో దిగి నడుస్తారు. పవాయికి స్టేషను లేదు. కంజూర్‌మార్గ్‌లో దిగి ఆటో ఎక్కాలి. బీకేసీకి బాంద్రా లేదా కుర్లాలో దిగి బస్సో షేర్ ఆటోనో పట్టుకునేవారు, ఇప్పుడు మెట్రో 3 నేరుగా అక్కడ ఆగుతుంది. 2025 అక్టోబరు నుంచి ఆ లైను కఫ్ పరేడ్ దాకా నడుస్తోంది. అంధేరీ, ఘాట్‌కోపర్ల మధ్య మెట్రో 1 ఉంది కాబట్టి భార్యాభర్తల ఆఫీసులు ఒకరిది వెస్టర్న్, ఒకరిది సెంట్రల్ అయితే ఆ దారిలో ఇల్లు చూడొచ్చు. ఒకరిది నవీ ముంబై అయితే ఠాణే.

అద్దె తగ్గాలంటే బయటికి జరగాలి. వెస్టర్న్‌లో మీరా రోడ్, వసయీ, విరార్, సెంట్రల్లో డోంబివలీ, కల్యాణ్, హార్బర్లో ఖార్ఘర్, పన్వేల్. అక్కడ అసలు సమస్య దూరం కాదు, ఎక్కడం. కల్యాణ్‌లో నిండిన ఫాస్ట్ లోకల్ (కొన్ని స్టేషన్లలోనే ఆగే రైలు) డోంబివలీకి వచ్చేసరికి తలుపు దగ్గర వేలాడటానికే చోటుంటుంది. అందుకని ఒక స్టేషను నచ్చితే, అక్కడి నుంచే బయలుదేరే లోకళ్ళు ఎన్ని, ఏ వేళల్లో ఉన్నాయో ఎం-ఇండికేటర్ యాప్‌లో చూడండి. ఠాణే, బోరివలీలాంటి స్టేషన్ల బలం అదే. సాయంత్రం విరార్ ఫాస్ట్ ఎక్కి బోరివలీలో దిగుదామనుకోకండి, దూరం పోయేవాళ్ళు తలుపు దగ్గర దారివ్వరు.

అగ్రిమెంటుకు ముందు ఒక పనిరోజు ఉదయం ఆ ఇంటి గేటు నుంచి ఆఫీసు గేటు దాకా వెళ్ళి, సాయంత్రం అదే దారిన తిరిగి రండి. ఆదివారం చూస్తే లాభం లేదు: జనం ఉండరు, పైగా మరమ్మతుల కోసం మెగాబ్లాక్ పెట్టి రైళ్ళు ఆపుతారు. పాస్ మూడు నెలలకు తీసుకుంటే నెల పాస్‌కు 2.7 రెట్లే పడుతుంది. సెకండ్ క్లాస్ పాస్‌తో ఫస్ట్ క్లాస్ పెట్టె ఎక్కితే జరిమానా. కొత్తవాళ్ళు తొందరలో ఎక్కేస్తారు, ఎందుకంటే రెండు పెట్టెలూ బయటికి దాదాపు ఒకేలా ఉంటాయి. ప్లాట్‌ఫాం మీదా పెట్టె పక్కనా ఏటవాలు చారలు చూసుకోవాలి.

ఆటోలు ఇక్కడ మీటరు మీదే నడుస్తాయి, బేరమాడక్కర్లేదు. కానీ బాంద్రా, సయన్‌లకు దక్షిణాన ఆటోలే ఉండవు, ట్యాక్సీలే.

ఇల్లు చూసేటప్పుడు

అడగాల్సింది కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే చోటు. బ్రోకర్లు చెప్పే అంకె తరచూ సూపర్ బిల్టప్, అంటే గోడలూ, మెట్లూ, లిఫ్టూ కలిపింది. 650 అన్నది లోపల కొలిస్తే 400 చదరపు అడుగులు తేలడం మామూలే. టేపు తీసుకెళ్ళి బెడ్రూమూ, మెట్ల మలుపూ, లిఫ్టు తలుపూ కొలవండి. హైదరాబాద్‌లో ఆరడుగుల మంచం పట్టిన గదికీ ఇక్కడి గదికీ పోలికే లేదు.

వానాకాలం జూన్ నుంచి సెప్టెంబరు దాకా. వేసవిలో చూసిన ఇల్లు మెరిసిపోతుంటే అనుమానించాలి. బయటి గోడ లోపలివైపు, కిటికీ కింద, సీలింగు అంచుల్లో చేత్తో నొక్కి చూడండి. పెయింటు కింద బుడగలుంటే లోపల చెమ్మ ఉన్నట్టే. పై అంతస్తులో కారుతుంది, కింది అంతస్తులోకి నీళ్ళొస్తాయి. మధ్య అంతస్తులు మేలు. హిందమాతా, కింగ్స్ సర్కిల్, సయన్, మిలన్ సబ్‌వే, అంధేరీ సబ్‌వే పెద్ద వాన పడితే మునిగే చోట్లు. స్టేషనుకు దారి వీటి మీదుగా ఉందేమో చూసుకోండి. నీళ్ళ సంగతి ఓనరునీ బ్రోకరునీ కాదు, వాచ్‌మన్‌ని అడగాలి: మున్సిపల్ నీళ్ళు ఏ వేళకు వస్తాయి, వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తారా, జులైలో గేటు దగ్గర ఎంత లోతు నిలుస్తుంది.

బాత్రూంలో గ్యాస్ గీజరు ఉంటే వద్దనండి, లేదా బాత్రూం బయటికి మార్పించండి. గాలి ఆడని చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరి ప్రాణాలు పోయిన సంఘటనలు జరిగాయి.

సొసైటీ (బిల్డింగులోని ఫ్లాట్ల ఓనర్ల సంఘం) ఒప్పుకుంటుందా అన్నది ఫ్లాట్ చూడకముందే తేల్చుకోవాలి. కొన్ని సొసైటీలు బ్యాచిలర్లను, కొన్ని మాంసం వండుకునేవాళ్ళను వద్దంటాయి. అది న్యాయమా అని వాదించేలోపు టోకెన్ (ఫ్లాట్ ఆపి ఉంచమని ఇచ్చే అడ్వాన్సు) డబ్బు పోతుంది. టోకెన్ చిన్నదే ఇవ్వండి, "సొసైటీ ఒప్పుకోకపోతే తిరిగి ఇవ్వాలి" అని వాట్సాప్‌లో రాయించుకోండి. అద్దె ఫ్లాట్లకు సొసైటీలు వేసే నాన్ ఆక్యుపెన్సీ చార్జి ఓనరు భారం, అదీ సర్వీస్ చార్జీల్లో 10 శాతానికి మించకూడదు. దాన్ని అద్దెకు ఉండేవాళ్ళ మీదికి నెట్టాలని చూస్తారు.

పది, పదిహేను లక్షలు డిపాజిట్ చేస్తే నెల అద్దె లేకుండా ఇచ్చే "హెవీ డిపాజిట్" పద్ధతి కూడా ఉంది. వినడానికి బాగుంటుంది. ఆ ఫ్లాట్ మీద ఓనరు కట్టని బ్యాంకు లోను ఉంటే మాత్రం మీ లక్షలు గాల్లో ఉన్నట్టే. కొత్తగా వచ్చినవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

అగ్రిమెంటు

మన దగ్గర 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే అలవాటు. మహారాష్ట్రలో అది చెల్లదు. 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంటు (ఇక్కడి అద్దె ఒప్పందం) ఎన్ని నెలలదైనా రిజిస్టర్ కావాల్సిందే, చేయించే బాధ్యత ఓనరుదే. స్టాంపు డ్యూటీ మొత్తం అద్దె మీదా, డిపాజిట్‌కు ఏడాదికి 10 శాతం వడ్డీ లెక్కగట్టి దానిమీదా 0.25 శాతం. 40,000 అద్దె ఉదాహరణలో 11 నెలలకు ఇది సుమారు 1,140 రూపాయలు, నగర పరిధిలో రిజిస్ట్రేషన్ ఫీజు 1,000. ఆధార్ వేలిముద్రతో ఏజెంటు ఇంటికే వచ్చి చేస్తాడు, అతని చార్జి వేరు. ఖర్చు సగం సగం పంచుకోవడం వాడుక.

సంతకానికి ముందు చదవాల్సిన వాక్యాలు నాలుగే: లాకిన్ (ఖాళీ చేయకూడని కాలం) ఎన్ని నెలలు, నోటీసు ఎన్ని రోజులు, రెన్యూవల్‌కు పెంపు ఎంత శాతం, డిపాజిట్ ఎప్పుడు తిరిగి ఇస్తారు. చివరిదానికి "తాళం అప్పగించిన రోజే" అని రాయించండి. పెయింటింగు, క్లీనింగు పేరిట కోత ఎంతకు మించకూడదో అంకె వేయించండి. డబ్బు అగ్రిమెంటులో పేరున్న ఓనరు ఖాతాకే పంపాలి. పోలీసుల దగ్గర అద్దెదారు సమాచారం ఆన్‌లైన్లో నమోదు చేయించి కాపీ తీసుకోండి. ఈ రిజిస్టర్డ్ అగ్రిమెంటే ఆధార్ చిరునామా మార్పుకూ, గ్యాసుకూ, బ్యాంకుకూ పనికొస్తుంది.

పాత పన్ను విధానంలో ఉంటే ముంబైకి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు బేసిక్‌లో 50 శాతం దాకా లెక్కకు వస్తుంది. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ ముందే అడిగి ఉంచుకోండి. నెలకు 50,000 దాటితే మీరే 2 శాతం టీడీఎస్ (ఓనరు తరఫున అద్దెలో ముందే కోసే పన్ను) పట్టి కట్టాలి. ఓనరు ఎన్నారై అయితే అంతకు తక్కువ అద్దెకూ టీడీఎస్ ఉంటుంది, రేటు కూడా వేరు. సీఏని అడగండి.

సామాను, బండి

పెద్ద మంచం, డైనింగ్ టేబులు, పెద్ద సోఫా అమ్మేసి రండి. వెట్ గ్రైండరు, మిక్సీ, కుక్కర్లు, పరుపు తెచ్చుకోండి. చాలా ఇళ్ళల్లో పైపు గ్యాసుంటుంది. సిలిండరు స్టవ్ దానికి నేరుగా పనిచేయదు, కంపెనీ మనిషి జెట్‌లు మార్చాలి. మన ఊరి గ్యాసు కనెక్షను బయలుదేరేముందే అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకోండి. ప్యాకర్లలో అందరికంటే తక్కువ చెప్పినవాడితో జాగ్రత్త: సామాను దారిలో ఆపి ఎక్కువ అడగడం పాత ఎత్తు. వస్తువుల జాబితా ఇద్దరి సంతకాలతో ఉండాలి, దించే చార్జీలు, మెట్లెక్కించే చార్జీలు కలిపే రేటు రాయించాలి. సొసైటీలు సామాను దించడానికి వేళలు పెడతాయి, లారీ రాత్రి చేరితే బయటే ఆగుతుంది.

కారు తెచ్చే ముందు పార్కింగు ఉందా చూడండి, చాలా పాత బిల్డింగుల్లో ఉండదు. 12 నెలలు దాటి ఉంచుకుంటే పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి ఇక్కడ తిరిగి రిజిస్టరు చేసి పన్ను కట్టాలి, తర్వాత సొంత రాష్ట్రంలో లైఫ్ టాక్స్ వాపసుకు అర్జీ పెట్టుకోవాలి. చలానాలు బాకీ ఉంటే ఎన్‌ఓసీ ఆగిపోతుంది. బైకు రైల్లో పంపితే పెట్రోలు మొత్తం తీసేయాలి. అటల్ సేతు, కోస్టల్ రోడ్, ఈస్టర్న్ ఫ్రీవే మీద ద్విచక్ర వాహనాలను రానివ్వరు.

పిల్లలుంటే బడిలో మరాఠీ తప్పదు: 2020 చట్టంతో అన్ని బోర్డుల్లోనూ పదో తరగతి దాకా నేర్పాలి. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో వచ్చే పిల్లలకు మార్కుల విషయంలో బడి ఏం చేస్తుందో చేర్పించకముందే అడగండి. వంటకు బెంగ అక్కర్లేదు. సోనామసూరి, ఫిల్టర్ కాఫీ పొడి మాటుంగా ఈస్ట్ దుకాణాల్లో దొరుకుతాయి, గోంగూరను అంబాడీ అని అడిగితే మామూలు కూరగాయల బండి మీదే దొరుకుతుంది.

అద్దెకు దిగిన రోజే ప్రతి గోడా, కుళాయీ, ఫ్యానూ వీడియో తీసి ఓనరుకు పంపండి. తొమ్మిదో నెలలో రెన్యూవల్ మాట మీరే ఎత్తండి. పదకొండో నెలాఖరుకు ఎత్తితే ఓనరు చెప్పిందే రేటు, బ్రోకరు మళ్ళీ బ్రోకరేజి అడుగుతాడు.