తయారీ ఆగిన కారు, దిగుమతి కారు: డెల్టాలో కొనేవారు చూసుకోవలసినవి

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. షెవర్లే కార్లు అమ్మిన జనరల్ మోటార్స్ 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు నిలిపివేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపుతున్నట్లు ప్రకటించింది. గుజరాత్‌లో సాణంద్ దగ్గరి దాని కర్మాగారం తరువాత టాటాల చేతికి వెళ్లింది. పెనుకొండలో కియా వంటి కొత్త కర్మాగారాలు వచ్చిన మాట నిజమే గాని, మూతపడిన కంపెనీ కారు ఇంట్లో ఉన్నవారికి వాటి వల్ల ఒరిగేదేమీ లేదు. రావులపాలెం, అమలాపురం, భీమవరం, నరసాపురం ప్రాంతాల్లో ఫోర్డ్ ఫిగోలు, షెవర్లే బీట్‌లు, టవేరాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, ధర పడిపోయింది కనుక చేతులు కూడా మారుతున్నాయి. మరోవైపు విదేశంలో పూర్తిగా తయారై ఓడ మీద వచ్చిన ఖరీదైన కార్లు కూడా ఇక్కడ కనిపిస్తున్నాయి. ఈ రెండు రకాల యజమానులకూ ఎదురయ్యే ఇబ్బంది ఒక్కటే: విడిభాగం దగ్గరలో దొరకదు. అందుచేత కారు ఎవరు చేశారన్న ప్రశ్న కంటే, దాని విడిభాగాలు ఇప్పుడు ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న ముఖ్యం.

ముందుగా ఆర్‌సీ తీసుకొని అందులోని తయారీ నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు చూడండి. బండి మీద కొట్టిన నంబరుతో దానిని ఒక్కొక్క అక్షరం చొప్పున సరిపోల్చండి. ఈ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మన దేశపు నంబర్లు సాధారణంగా ఎం అక్షరంతో మొదలవుతాయి. జె అయితే జపాన్, డబ్ల్యూ అయితే జర్మనీ, ఎస్ అయితే ఎక్కువగా బ్రిటన్. అయితే థాయిలాండ్ కార్లు కూడా ఎం అక్షరంతోనే మొదలవుతాయి కాబట్టి రెండో అక్షరం కూడా చూడాలి. పైగా విదేశీ భాగాలను పెట్టెల్లో తెప్పించి ఇక్కడ బిగించిన కార్లు కూడా ఉన్నాయి కనుక, ఈ ఒక్క అక్షరాన్ని నమ్ముకొని నిర్ణయానికి రాకండి.

తరువాతి పని విడిభాగాలను మూడు వర్గాలుగా విడదీయడం. ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, టైర్లు, బేరింగులు మొదటి వర్గం. వీటిని స్వతంత్ర కంపెనీలు తయారు చేస్తాయి, కాకినాడలోనో రాజమండ్రిలోనో దొరుకుతాయి, వీటి గురించి దిగులు అక్కరలేదు. రెండో వర్గం ఇతర కార్లతో పంచుకున్న భాగాలు. కొనేవాడికి నిజమైన బలం ఇక్కడే ఉంది. ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్ ఆ కంపెనీ పుంటో కారులోనే గాక మారుతి స్విఫ్ట్, డిజైర్, టాటా విస్టా, షెవర్లే సెయిల్ కార్లలో కూడా వచ్చింది. మారుతి సైతం 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానేసింది గాని, అప్పటికే లక్షల స్విఫ్ట్‌లు రోడ్డు మీద ఉన్నందువల్ల ఆ ఇంజన్ లోపలి భాగాలకు, దానిని విప్పి బిగించగల మెకానిక్‌లకు ఇప్పటికీ కొరత లేదు. అంతమాత్రాన ప్రతి సెన్సరూ, ప్రతి పైపూ అటూ ఇటూ సరిపోతుందని అనుకోకూడదు. పార్టు నంబరు కలిస్తేనే కొనాలి.

మూడో వర్గం ఆ కారుకే పరిమితమైన భాగాలు: హెడ్‌లైట్లు, ముందు అద్దం, బంపర్, బానెట్, తలుపు గాజులు, ఇంజన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్. బేరం కుదుర్చుకోవడానికి ముందే ఒక హెడ్‌లైటు, ముందు అద్దం, ముందు బంపర్, ఆ యూనిట్, ఈ నాలుగింటికీ ధర ఎంతో, ఎన్నాళ్లకు వస్తాయో రెండు చోట్ల అడిగి కాగితం మీద రాసుకోండి. ఒకటి కంపెనీ సర్వీసు కేంద్రం; అమ్మకాలు ఆపిన తరువాత కూడా ఫోర్డ్ విడిభాగాలు, సర్వీసు అందిస్తామనే చెప్పింది. రెండోది విజయవాడ ఆటోనగర్‌లో విప్పిన బండ్ల సామాను అమ్మే దుకాణాలు. రెండు చోట్లా "చూసి చెబుతాం" అన్న మాటే వస్తే, ఆ కారు ఎంత చౌకగా వచ్చినా వదిలేయమనే నా సలహా. కొంటే మాత్రం రెండో తాళం చెవి తప్పకుండా తీసుకోండి, ఎందుకంటే అలాంటి కార్లకు కొత్త తాళాన్ని కోడ్ చేయించడం పెద్ద ప్రయాస.

అంబాసిడర్‌కు బుష్, అంటే కదిలే భాగాల మధ్య బిగించే గొట్టం లాంటి ముక్క, అరిగితే ఊళ్లోని లేత్ షెడ్డులో కొత్తది తిప్పించి బిగించేవారు. ఆ పనితనం మన పట్టణాల్లో ఇంకా మిగిలే ఉంది, దానిని వాడుకోవాలి. చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బుష్‌లు, బ్రాకెట్లు, సైలెన్సర్ పైపుల వంటివాటికి అది ఈనాటికీ పనికొస్తుంది. బ్రేకు, స్టీరింగు భాగాలను మాత్రం అలా చేయించకండి.

ఇక నీరు, ఉప్పు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంకలు మునిగాయి. పాత కారు అయితే ఆ నెలలో అది ఏ ఊళ్లో ఉందో అడగండి. సీటు బెల్టును చివరి దాకా లాగితే, ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే ఆఖరి జానెడు పట్టీ మీద ఒండ్రు గీత కనిపించవచ్చు. పైన ఎంత కడిగినా అక్కడికి బ్రష్షు చేరదు. సీటు కింది పట్టాల స్క్రూలకు తుప్పు, స్టెప్నీ గుంటలో సన్నని మట్టి, ఫ్యూజు పెట్టె పిన్నుల మీద పచ్చని పొర ఉన్నాయేమో కూడా చూడండి. మునిగిన కారులో వైరింగు నెలల తరువాత మొరాయిస్తుంది, అప్పుడు కావలసినవన్నీ సరిగ్గా ఆ మూడో వర్గపు భాగాలే. తీరం వెంట 216వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే బండికి సముద్రపు గాలి, చేపల లారీల నుంచి కారే నీరు తగులుతూనే ఉంటాయి కాబట్టి, జాకీ పెట్టే చోట్లను, బ్రేకు పైపులను లిఫ్ట్ మీద చూపించుకొని, కొన్న తరువాత అడుగుభాగాన్ని తరచుగా మంచినీటితో కడిగించాలి.

బీమా విషయంలో చాలామంది గమనించని చిక్కు ఒకటి ఉంది. మరమ్మతు ఖర్చు బీమా విలువలో, అంటే పాలసీలో కారుకు రాసిన విలువలో, 75 శాతం దాటితే కారును పూర్తి నష్టంగా లెక్కిస్తారు. పాత కారు బీమా విలువ తక్కువ, అరుదైన భాగాల ధర ఎక్కువ. ఒక్క ముందు గుద్దుతోనే బాగా నడుస్తున్న కారు స్క్రాప్‌కు పోవచ్చు. అందుకే ప్రీమియం కొద్దిగా తగ్గుతుందని బీమా విలువను తగ్గించి రాయించుకోకండి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మామూలు పాలసీ సగం ధరే ఇస్తుంది గనుక, తరుగుదల పేరుతో కోత పెట్టని (జీరో డిప్రిసియేషన్) పాలసీ దొరికే వయసులో కారు ఉంటే అదే తీసుకోండి. దానితో పాటు ఇంజన్ రక్షణ అనే అదనపు కవర్ కూడా కలుపుకోండి. వరద నీటిలో ఆగిపోయిన కారును మాత్రం మళ్లీ స్టార్ట్ చేయవద్దు.

దిగుమతి కారు కొనేవారు కస్టమ్స్ పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీని తప్పక చూడాలి. మన ప్రాంతంలో పీవై 04 నంబరుతో, అంటే పుదుచ్చేరికి చెందిన యానాం రిజిస్ట్రేషన్‌తో కార్లు తరచుగా అమ్మకానికి వస్తాయి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ఫారం 28లో నిరభ్యంతర పత్రం, ఆంధ్రప్రదేశ్ జీవితకాల పన్ను అవసరం. ఆ పన్నును కారు ధరకు కలిపి చూసుకున్న తరువాతే బేరానికి దిగండి. ఏ కారుకైనా యాజమాన్యం బదిలీ చేసే 29, 30 ఫారాలు అమ్మేవారి సంతకాలతో, కారు మీద అప్పు ఉంటే అది తీరిందన్న బ్యాంకు పత్రంతో పాటు ఫారం 35 చేతికి వచ్చేదాకా చివరి విడత డబ్బు ఇవ్వకండి.