మారిషస్ వెళ్తే ముందు పదహారు మెట్ల దగ్గరికి

మారిషస్ అనగానే అందరూ బీచ్ ఫొటోలే పంపుతారు. అమ్మను తీసుకుని ఆరు రోజులు తిరిగొచ్చాక, వెళ్తామన్న ప్రతి ఒక్కరికీ నేను ఒకటే చెబుతున్నాను: మొదటి రోజు సముద్రంలో దిగకండి. రాజధాని పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ ఉంది, ముందు అక్కడికి వెళ్లండి.

అక్కడ ఉన్నవి పదహారు రాతి మెట్లు. బ్రిటిష్ వాళ్లు 1835లో బానిసత్వం రద్దు చేశాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చింది. రద్దు తప్పదని తెలిసి 1834 నుంచే మన దేశం నుంచి ఓడల్లో కూలీలను తెప్పించడం మొదలుపెట్టారు. 1920 దాకా దాదాపు 5 లక్షల మంది వచ్చారు. 1849లో వలస కూలీలను దింపుకునే డిపోగా ఈ ఘాట్ కట్టిన తర్వాత, ఓడ దిగినవాళ్లు ఈ మెట్లెక్కే నేల మీదికి వచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మన కోరంగి రేవు పేరు మీదే అక్కడ వాళ్లను ‘కొరింగీలు’ అనేవారు. అమ్మకు ఆ మాట చెప్పగానే చెప్పులు విప్పి, వంగి మెట్టు అంచును చేత్తో తడిమింది. నల్లరాయి, అంచులు నున్నగా ఉన్నాయి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆస్పత్రి గది, వంటగది, మరుగుదొడ్ల పునాదులు కూడా చూపిస్తారు. యునెస్కో 2006లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆదివారం మూసి ఉంటుంది, శనివారమైతే పొద్దున్నే వెళ్లాలి.

దీన్నే ముందు చూడమనడానికి కారణం ఉంది. తర్వాత కారులో వెళ్తుంటే చెరకు తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి, ఇంటి ఎత్తున పేర్చినవి. ముందు నేను ఏవో పాత గుళ్ల శిథిలాలు అనుకున్నాను. ఈ దీవి మొత్తం అగ్నిపర్వతం కక్కిన లావాయే. పొలం చేయాలంటే ముందు ఆ రాళ్లు ఏరాలి. బానిసలు, వాళ్ల తర్వాత మన కూలీలు ఒక్కొక్కటే చేత్తో ఏరి గుట్టలు పోశారు. మెట్లు చూసొచ్చిన కళ్లకు ఆ గుట్టలు వేరేగా కనిపిస్తాయి. నా లెక్కలో ఆ దీవిలో మనిషి కట్టిన వాటన్నిటిలో ఇవే గొప్పవి. టికెట్టూ లేదు, బోర్డూ లేదు. డ్రైవర్‌కు చెప్పి ఒకచోట ఆపించుకోండి.

అదే రోజు సెంట్రల్ మార్కెట్ దగ్గర ధోల్ పూరీ తినండి. శనగపప్పు పొడి లోపల పెట్టి ఒత్తిన మెత్తటి రొట్టె, మన బొబ్బట్టు తీపి లేకుండా చేసినట్టు ఉంటుంది. టైముంటే బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి స్టాంపులు చూడొచ్చు. రంగు వెలిసిపోకుండా అసలువాటి మీద కాసేపే లైటు వేస్తారు, ఏ వేళకు వేస్తారో టికెట్ దగ్గరే అడగండి.

ఇక ప్లాన్ విషయం. దీవి పొడవు 65 కిలోమీటర్లే కదా అని ఒకే రోజు ఉత్తరం, దక్షిణం కలపకండి. సాయంత్రం పోర్ట్ లూయీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. ఒక రోజుకు ఒక దిక్కు పెట్టుకోండి. జనవరి నుంచి మార్చి వరకు తుఫాన్ల టెన్షన్ ఎక్కువ. మనకు ఎండాకాలం ముగిసే వేళకు అక్కడ చలికాలం మొదలవుతుంది. అప్పుడు తూర్పు తీరంలో గాలి జోరుగా వీస్తుంది కాబట్టి బస పడమర వైపు చూసుకోండి.

నైరుతికి మాత్రం పూర్తి రోజు ఇవ్వండి, పొద్దున్నే బయల్దేరండి. షమరేల్‌లో ఏడు రంగుల నేల ఉంది. అది కూడా ఆ నల్లరాయే. లెక్కలేనన్ని ఏళ్ల వానకూ ఎండకూ కుళ్లి బంకమన్నయింది. ఇనుము ఉన్నచోట ఎరుపు, గోధుమ రంగులు తేలాయి, అల్యూమినియం ఉన్నచోట నీలం, ఊదా. చిన్న చిన్న దిబ్బలు, మీద గడ్డిపోచ కూడా మొలవదు. కంచె బయట నుంచే చూడాలి. మేం వెళ్లేసరికి మబ్బు పట్టి అంతా ఇటుక రంగులోనే ఉంది. పావుగంట ఆగాం. ఎండ పడిన క్షణంలో ఒక దిబ్బ వంపు మీద ఊదారంగు చార తేలింది, దాని పక్కనే పసుపు. కాబట్టి అక్కడ తొందరపడి వెనక్కి రాకండి.

గంగా తలావ్ అక్కడికి దగ్గరే. అది అగ్నిపర్వత బిలంలో నిలిచిన చెరువు. ఒడ్డున 33 మీటర్ల శివుడి విగ్రహం ఉంది, 2007లో పెట్టారు. మహాశివరాత్రికి దీవి నలుమూలల నుంచీ జనం నడిచి వస్తారు. ఎత్తులో ఉంటుంది కాబట్టి పొగమంచు, సన్న జల్లు. పల్చటి నేత చీరలో అమ్మ వణికిపోయింది. శాలువా తప్పకుండా పెట్టుకోండి.

ల మోర్న్ కొండ ఎత్తు 556 మీటర్లు. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని గుహల్లో, అంచుల్లో దాక్కున్నారు. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఎక్కాలంటే తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. సగం వరకు మామూలు దారే, ఆ పైన రాళ్లు పట్టుకుని పాకాలి. వాన పడితే మానుకోండి. అమ్మ కింద సరుగుడు చెట్ల నీడలో కూర్చుంది, అక్కడి నుంచి చూసినా కొండ నిండుగా కనిపిస్తుంది. ఫొటోల్లో కనిపించే ‘నీటి అడుగున జలపాతం’ కూడా అక్కడే. నిజానికి అది లోతులోకి జారే ఇసుక వల్ల కలిగే భ్రమ, హెలికాప్టర్ లాంటిది ఎక్కి పైనుంచి చూస్తేనే కనిపిస్తుంది. ఒడ్డు మీద వెతికి అలసిపోకండి.

ఉత్తరాన పాంపిల్‌మూస్ తోటకు ఒక పూట చాలు. పళ్లెంలా అంచు పైకి తిరిగిన పెద్ద కలువాకులు అక్కడ చూడాలి.

దక్షిణాన గ్రి గ్రి దగ్గర పగడపు దిబ్బ లేదు, అలలు నేరుగా రాతి గోడను కొడతాయి. అక్కడ చూడటమే, నీళ్లలో దిగకూడదు.

ఈత రానివాళ్లు ఉంటే చివరి రోజుకు బ్లూ బే ఉంచుకోండి, విమానాశ్రయానికి దగ్గర. అడుగున గాజు ఉన్న పడవ ఎక్కితే కూర్చున్నచోటు నుంచే పగడాలు కనిపిస్తాయి. పొద్దున నీళ్లు తేటగా ఉన్నప్పుడు వెళ్లండి, పడవ మధ్యలో చోటు అడిగి కూర్చోండి. అమ్మ గాజుకు ముఖం ఆనించి, పడవ ఒడ్డుకొచ్చినా లేవలేదు.