బాత్రూమ్ తలుపు మీది గూడు

మా ఫ్లాట్‌లో బాత్రూమ్ తలుపు పైన, 7 అడుగుల ఎత్తులో ఓ గూడు ఉంది. లోతు రెండున్నర అడుగులు, ఎత్తు అడుగున్నరే. వెనక్కి పోయిన వస్తువు ఇక పోయినట్టే. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టె తీయాలంటే పాత కూలర్, బొంతలు అన్నీ దించాల్సిందే.

తలుపులు పెట్టిద్దామనుకున్నా. కొలిచి చూస్తే, రెక్క తెరిచినప్పుడల్లా ట్యూబ్‌లైటుకి తగులుతుంది! మానేశా.

చివరికి అడుగున నున్నటి సన్‌మైకా ముక్క పరిచి, మూతలున్న పొడవాటి ప్లాస్టిక్ డబ్బాలు మూడు పెట్టాను. ఒక్కోదానికి ముందువైపు రెండు బెజ్జాలు పొడిచి నవారు పట్టీ కట్టాను. పట్టుకుని లాగితే సొరుగులా జారి వస్తుంది. సగం వరకే లాగి, స్టూలెక్కి మూత తీస్తాను; పూర్తిగా లాగితే నెత్తిన పడుతుంది. ఇత్తడి బిందెల్లాంటి బరువులు అక్కడ పెట్టను.

గోడకి బాత్రూమ్ చెమ్మ ఉంటుంది. అది తెలీక మొదటి వానాకాలం ఓ బొంత బూజు పట్టింది. ఇప్పుడు వెనక 2 అంగుళాలు ఖాళీ వదులుతున్నా. ముందు స్ప్రింగు వైరుకి అమ్మ పాత చీర తెరగా వేశాం.

ఈ సంక్రాంతికి బొమ్మలు 5 నిమిషాల్లో దిగాయి. కూలర్ మాత్రం ఇంకా బాల్కనీలోనే ఉంది.